సామానులో దాగిన పిల్ల

ప్రతి వారం ఒక వాక్యభాగం తీసుకుని నాలుగు మాటలు వ్రాయడం మాకు అలవాటు. ఈసారి మా ఇంటి సంగతి వ్రాస్తున్నాం. మా పెద్దపాప సంగతి. ముందుగా తనకు చదివి వినిపించాం. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాం. మిగిలినదంతా ఆమె సరేనన్నదే.

నిరుడు వేసవిలో మా మందిరంలో పది రోజులు వి.బి.ఎస్. జరిగింది. ఆఖరి రోజు రాత్రి పిల్లలతో నాటిక వేయించడం మా దగ్గర ఆనవాయితీ. దావీదు, గొల్యాతు కథ అనుకున్నాం. దావీదు వేషానికి ఐదుగురు పోటీ పడ్డారు. గొల్యాతు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ముందుకు రాలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. "మన పాప ఉందిగా" అన్నాం. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఆమె తరగతి పిల్లలు పక్కన నిలబడితే భుజం దాటరు. అట్టముక్కలతో శిరస్త్రాణం చేశాం. చీపురు కర్రకు వెండికాగితం చుట్టి ఈటె చేశాం. మా పంచె ఒకటి కట్టి, కాటుకతో మీసాలు దిద్దాం.

ఆ రాత్రి ఊరంతా నవ్వింది. మైకు మా చేతిలో ఉంది. "అదిగో, ఆరు మూరల జానెడు వస్తున్నాడు, పిల్లలూ తప్పుకోండి" అన్నది మేమే. అందరికంటే గట్టిగా నవ్విందీ మేమే. పాప నేర్పినట్టే చేసింది. రాయి తగలగానే బోర్లా పడింది. చప్పట్లు కొట్టారు.

భోజనాల బంతిలో పాప కనబడలేదు. వాళ్ళమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. మందిరం వెనక చిన్న గది ఉంది. చాపలు, చుట్టిన జంపఖానాలు, పాత స్పీకరు పెట్టెలు, క్రిస్మస్‌కు కట్టే నక్షత్రాలు అందులో పెడతాం. ఆ జంపఖానాల మధ్య మోకాళ్ళు గుండెకు ఆనించుకుని ముడుచుకు కూర్చుందట. కాటుక మీసం సగం చెరిగి చెంపంతా అంటుకుంది. ఏమైందమ్మా అంటే ఒకటే అడిగింది. "అమ్మా, నేనింకా పెరుగుతానా?"

మా ఇంటావిడ వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మేము ఇంకా చేతిలో విస్తరితోనే ఉన్నాం.

ప్రియులారా, పొడుగు పిల్లను పెంచనివారికి ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించేది. పొట్టి పిల్ల అయితే బాధపడాలి గానీ పొడుగైతే ఏం అనుకునేవాళ్ళం. టీవీ పెడితే ఎత్తు పెంచుతామని పాలల్లో కలిపే పొడుల ప్రకటనలే కదా. కానీ మా పాప వీధిలోకి అడుగు పెడితే తాడిచెట్టు, కరెంటు స్తంభం, నిచ్చెన. అనేవాళ్ళు శత్రువులు కాదు. పెరట్లో మొదటి కాపు ములక్కాడలు మా ఇంటికి తెచ్చి ఇచ్చే పెద్దమ్మే, అవి చేతిలో పెడుతూ, "దీనికి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తారండీ అయ్యగారూ, ఆర్డరిచ్చి చేయించుకోవాలి" అంటుంది. ప్రేమగానే అంటుంది. ఇంకొకాయన పాలు, గుడ్లు మానిపించమని సలహా ఇచ్చాడు. ఇంకొకరు దిష్టి అన్నారు. పాపం, వాళ్ళకు మాట్లాడడానికి వేరే సంగతి దొరకదు. పాపను చూడగానే కంటికి మొదట కనబడేది ఎత్తు, నోటికి మొదట వచ్చేదీ అదే. రోజుకు పదిమంది, ఒక్కొక్కరు ఒక్క మాట. అనే మనిషికి అది ఒక్క మాటే. వినే పిల్లకు పది.

దీనికంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉంది. అది మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పొడుగు పిల్ల వయసును ఎవరూ నమ్మరు. ఒకసారి బస్సులో అర టికెట్ అడిగితే కండక్టరు గారు పాపను కింది నుంచి పైదాకా చూసి, "పాస్టరుగారై ఉండి మీరు కూడానా" అన్నారు. బస్సులో వాళ్ళంతా నవ్వారు. ఆధార్ కార్డు తీసి చూపించాం. అప్పటి నుంచి పాప బయటికి వెళ్ళాలంటే కార్డు ఉందా లేదా అని ముందు చూసుకునేది. టికెట్ సంగతి చిన్నది. ఇంట్లో మేమూ అదే పొరపాటు చేస్తున్నామని ఆ తర్వాత తెలిసింది. తమ్ముడితో గొడవ పడితే "ఇంత పెరిగావు, చిన్నవాడితో సమానంగా ఏంటి" అంటాం. ఆ చిన్నవాడికీ ఆమెకూ మధ్య ఏడాదిన్నరే తేడా. దెబ్బ తగిలి ఏడిస్తే "ఇంతలేసి పిల్ల ఏడుస్తుందా" అంటాం. బంధువుల ఇళ్ళలో పెళ్ళయితే చిన్నపిల్లలు ఆడుకుంటుంటే ఈమె పెద్దవాళ్ళతో కూరగాయలు తరుగుతూ ఉంటుంది. ఎవరో పిలిచి కత్తిపీట ముందు కూర్చోబెడతారు. మనసు పదకొండేళ్ళది, ఒడ్డూ పొడుగూ పదహారేళ్ళది. లోకం ఆ రెండోదానితోనే మాట్లాడుతుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మేమిద్దరం కొంత తటపటాయించాం. జబ్బు అనుకుంటుందేమోనని భయం. చివరికి పట్నంలో పిల్లల డాక్టరు గారికి చూపించాం. వెళ్ళడం మంచిదైంది. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఒకసారి చూపించుకోవడం అవసరమే అని ఆయనే చెప్పారు, ఎందుకంటే కొన్ని అరుదైన జబ్బుల్లో కూడా పిల్లలు ఇలా సాగిపోతారట. పాపను రెండు చేతులూ బారచాపమని ఆ పొడవు కొలిచారు. గుండె విన్నారు. థైరాయిడ్‌కు రక్తపరీక్ష వ్రాశారు. కళ్ళు చూపించమన్నారు. ఎడమచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయించారు. ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగాలుంటాయనీ, అవి గట్టిపడి కలిసిపోయాక ఇక ఎత్తు పెరగరనీ, మణికట్టు ఎక్స్‌రేలో అవి ఎంతవరకు వచ్చాయో చూసి ఎముకల వయసు చెప్పవచ్చనీ వివరించారు. మా పాప ఎముకలు వయసు కంటే ఒక ఏడాది ముందున్నాయట. ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల మగపిల్లల కంటే సుమారు రెండేళ్ళు ముందే వస్తుందనీ, అందుకే ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు పొడుగ్గా కనబడతారనీ, తర్వాత మగపిల్లలు అందుకుంటారనీ చెప్పారు.

అప్పుడు మా ఇద్దరినీ లేచి నిలబడమన్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా సంఘస్తులకు తెలిసినదే. మేము ఐదడుగుల ఎనిమిదంగుళాలు. మా ఇంటావిడ ఐదడుగుల తొమ్మిది. డాక్టరు గారు చీటీ వెనక లెక్క వేశారు. ఆడపిల్లకైతే తండ్రి ఎత్తులోంచి పదమూడు సెంటీమీటర్లు తీసేసి, తల్లి ఎత్తు కలిపి, సగం చేయాలట. మా 173లో 13 పోతే 160. అమ్మది 175. మొత్తం 335, సగం 167.5. అటూ ఇటూ మూడంగుళాలు. "వాళ్ళమ్మ దగ్గర ఆగుతుందండి. జబ్బేమీ లేదు. జవాబు మీ పక్కనే నిలబడి ఉంటే నా దగ్గరకు వచ్చారు" అని నవ్వారు.

మేము అడగకూడదనుకుంటూనే అడిగాం. ఆపే మందులేమైనా ఉన్నాయా అని. ఆయన నవ్వు పోయింది. 1950ల నుంచి అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో పొడుగు ఆడపిల్లలకు హార్మోన్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఇచ్చి ఎదుగుదల ఆపేవారట. పెళ్ళి కాదేమో అన్న బెంగ తల్లిదండ్రులను అక్కడికి నడిపించిన కారణాల్లో ఒకటి. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చాలామందికి గర్భం ధరించడంలో ఇబ్బందులు వచ్చినట్టు తర్వాత పరిశోధనల్లో తేలిందట. మా పెద్దమ్మ ములక్కాడలు ఇస్తూ అన్న మాటే సముద్రాల అవతల మాత్ర అయింది. ఇక ఆ ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. పాలు, గుడ్లు మానిపించే సంగతి చెబితే మాత్రం ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

ఇంటికి వచ్చిన రాత్రి మా ఇంటావిడ చెప్పిన మాట మాకు డాక్టరు మాట కంటే బలంగా తగిలింది. "పాప వంగి నడుస్తోంది అని మీరు అంటున్నారు. అది ఎవరి దగ్గర నేర్చుకుందో చూశారా?" అంది. మా పెళ్ళి ఫోటో గోడకు ఉంటుంది. అందులో ఇద్దరం ఒక ఎత్తే. ఎందుకంటే మా కాళ్ళ కింద ఒక పీట ఉంది. ఫోటోగ్రాఫరును అడిగి వేయించుకున్నది మేమే. ఆమెకు అంతకు ముందు నాలుగు సంబంధాలు ఎత్తు దగ్గరే తప్పిపోయాయి. ఐదోది సెమినరీలో డిప్లొమా పూర్తి చేసి బయటికొచ్చిన మేము. ఆమె ఒక అంగుళం ఎక్కువ అని తెలిసే చేసుకున్నాం, దేవుని చిత్తం అని సాక్ష్యం కూడా చెప్పాం. కానీ పీట వేయించుకున్నాం. ఆ రోజు నుంచి ఆమె మా పక్కన నడిచేటప్పుడు మెడ కొంచెం వంచే నడుస్తుంది. ఎత్తు చెప్పులు వేసుకోదు. సంఘంలో నిలబడి పాడేటప్పుడు ఒక మోకాలు మడిచి నిలబడుతుంది. ఇన్నేళ్ళలో మేము ఒక్కసారి కూడా "ఎందుకలా?" అనలేదు. మాకు హాయిగానే ఉంది మరి. పాపకు ఇంట్లో ఇలాంటి పాఠం నడుస్తుంటే వేదిక మీద మేము ఏం బోధిస్తే ఏం?

బోధ కూడా చేశాం. అది ఇంకా పెద్ద పొరపాటు. కుటుంబ ప్రార్థనలో సమూయేలు బేత్లెహేముకు వెళ్ళిన భాగం చదివాం. యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబును చూసి ఇతడే అనుకున్నప్పుడు, రూపాన్నీ ఎత్తునూ చూడవద్దని దేవుడు చెప్పిన సందర్భం మీకు తెలిసిందే. దేవుడు హృదయాన్ని చూస్తాడు తల్లీ, ఎత్తును చూడడు అని వివరించాం. చాలా బాగా చెప్పామనుకున్నాం. పాప కాసేపు బైబిలు వంక చూసి, "అంటే నా పొడుగు దేవుడికి కూడా నచ్చలేదా నాన్నా? అందుకని చూడకుండా వదిలేస్తాడా?" అంది.

ఇరవై ఏళ్ళ సేవలో ఎవరూ మమ్మల్ని అంత తేలిగ్గా నోరు మూయించలేదు. ఓదార్చాలని చెప్పిన ప్రతి మాటా ఓదార్చవలసిన లోపం ఏదో ఉందనే చెబుతోంది. మేము అది వినలేదు, ఆమె విన్నది.

తర్వాత కొన్నాళ్ళకు ఆదివారం ప్రసంగం కోసం అదే గ్రంథంలో సౌలు కథ చదువుతున్నాం. చీట్లు వేస్తే సౌలు పేరు వచ్చింది. చూస్తే మనిషి లేడు. జనమందరికంటే భుజాలు పైకుండే మనిషి, ఎక్కడున్నా కనబడవలసినవాడు, వెళ్ళి సామానులో దాక్కున్నాడు. ఈ భాగం ఎన్నిసార్లు బోధించామో. ఒకసారి వినయం అన్నాం, ఒకసారి పిరికితనం అన్నాం. ఈసారి చదువుతుంటే చుట్టిన జంపఖానాలు కనబడ్డాయి. కీషు గారి ఊళ్ళో కూడా ములక్కాడలిచ్చే పెద్దమ్మ ఒకావిడ ఉండి ఉంటుందా అనిపించింది. వాక్యంలో లేదు, ఇది మా ఊహే, దీన్ని ఎవరూ బోధించవద్దు. ఆ ఆదివారం వేరే వాక్యం మీద మాట్లాడాం.

ఆ సాయంత్రం పాపను పక్కన కూర్చోబెట్టుకుని క్షమాపణ అడిగాం. గొల్యాతు వేషానికి, మైకులో అన్న మాటకు. "పర్లేదు నాన్నా" అంది వెంటనే. పిల్లలు అలాగే అంటారు. మేము "పర్లేదు కాదమ్మా, తప్పే" అన్నాం. అప్పుడు చాలాసేపు ఏడ్చింది. ఇంతలేసి పిల్ల ఏడుస్తుందా అని ఎవరూ అనలేదు.

తర్వాత చేసినవి పెద్ద పనులేమీ కావు. ఇంట్లో ఎత్తు మాట ఆపేశాం. పొగడ్తగా కూడా ఆపేశాం. అది కష్టమైంది. ఎందుకంటే మంచివాళ్ళు చాలామంది పి.వి. సింధు పేరు చెప్పేవారు. ఐదడుగుల పదంగుళాల పిల్ల, 2016లో రియోలో వెండి పతకం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కంచు పతకం, మన తెలుగమ్మాయి, నువ్వూ అలా కావాలి అనేవారు. మేమూ అన్నాం. బడిలో ఆటల మాస్టారు వాలీబాల్ జట్టులో పేరు వ్రాసేశారు. మా పాపకు బంతి మీదికొస్తే కళ్ళు మూసుకునే అలవాటు. ఆమెకు ఇష్టమైనది బొమ్మలు వేయడం. ఒక రోజు విసుగొచ్చి, "సింధు వాళ్ళమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆడేవాళ్ళంట కదా నాన్నా, ఆమె కూడా అది ఆడలేదుగా, తనకు నచ్చింది ఆడింది" అంది. మాస్టారితో మాట్లాడి పేరు తీయించాం. పొడుగు పిల్ల ఆ పొడుగుకు ఏదో ఒకటి చేసి చూపించి బాకీ తీర్చుకోవాలన్నట్టు ఉంటుంది మన ధోరణి.

బంధువులకు, సంఘ పెద్దలకు విడివిడిగా చెప్పాం. కొందరు నొచ్చుకున్నారు. "సరదాకి అంటే కూడానా" అన్నారు. ములక్కాడల పెద్దమ్మ దగ్గరికి మా ఇంటావిడే వెళ్ళింది. "పెద్దమ్మా, నాలుగు సంబంధాలు తప్పినప్పుడు నాతోనూ ఇదే అనేవాళ్ళు, నేను రాత్రులు ఏడ్చేదాన్ని" అందట. పెద్దమ్మ మాట్లాడలేదట. ఇప్పుడు పాపను చూస్తే, "ఏం బొమ్మ వేశావే ఈ వారం?" అని అడుగుతుంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. అయినా కాగితం చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టుకుని చూస్తుంది.

చూపు అంటే గుర్తొచ్చింది. డాక్టరు గారు చెప్పారని కళ్ళు పరీక్ష చేయిస్తే పాపకు దూరపుచూపు లేదని తేలింది. రెండేళ్ళుగా బోర్డు మీది అక్షరాలు అలికినట్టు కనబడుతున్నాయట. వెనకవాళ్ళకు అడ్డమని ఒకటో తరగతి నుంచీ ఆమెను ఆఖరి బల్లలోనే కూర్చోబెడుతున్నారు. కనబడడం లేదని చెబితే ముందుకు రమ్మంటారు, ముందుకు వస్తే వెనకవాళ్ళు గోల చేస్తారు, అందుకని చెప్పలేదట. మార్కులు తగ్గుతున్నాయని మేము రెండుసార్లు కేకలేశాం కూడా. ఇప్పుడు కళ్ళద్దాలొచ్చాయి. మొదటి బల్లలో గోడవారగా, ఎవరికీ అడ్డం రాని చోట కూర్చోబెట్టారు. అంత తేలికైన పనికి ఆరేళ్ళు పట్టింది.

మా గుమ్మం చెక్క మీద ప్రతి పుట్టినరోజుకూ పిల్లలను నిలబెట్టి పెన్సిలుతో గీత గీయడం ఉండేది. నిరుడు చూస్తే పాప గీతలన్నీ చాకుతో గీకేసి ఉన్నాయి. తమ్ముడి గీతలు అలాగే ఉన్నాయి. మేమేమీ అనలేదు, కొత్త గీత గీద్దాం రమ్మని పిలవనూ లేదు. పెళ్ళి ఫోటో మాత్రం గోడ మీంచి దించి, పాపకు పీట కథ చెప్పాం. పడీ పడీ నవ్వింది. "పీట కనబడుతోంది నాన్నా, పంచె అంచు కింద" అని వేలు పెట్టి చూపించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఫోటో చూస్తున్నాం, మాకు కనబడలేదు.

మొన్న వేసవి వి.బి.ఎస్.కు నాటిక మాటొచ్చింది. ఈసారి పిల్లలనే అడిగాం. యాయీరు కూతురి కథ అన్నారు. ఎవరెవరు ఏ వేషమని అడిగితే మా పాప చెయ్యెత్తింది. "యాయీరు కూతురు నేనే. ఆ అమ్మాయికి పన్నెండేళ్ళు. నాకూ పన్నెండే" అంది. పిల్లల్లో ఒకడు "నువ్వా?" అన్నాడు. "ఆధార్ కార్డు చూపించనా?" అంది.

యేసయ్య వేషం వేసిన కుర్రవాడు ఆమె భుజం దాకా వస్తాడు. నులకమంచం మీద పడుకోబెడితే పాదాలు బయటికొచ్చాయి. దుప్పటి కప్పితే అటు తల గానీ ఇటు కాళ్ళు గానీ, రెండూ ఒకసారి మూతపడలేదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మైకు మా చేతిలో లేదు, మేము వెనక వరసలో మా ఇంటావిడ పక్కన నిలబడ్డాం. కుర్రవాడు చెయ్యి పట్టుకుని లెమ్మన్నాడు. పాప లేచింది. ఇప్పుడు ఐదడుగుల ఏడంగుళాలు. లేస్తూనే ఉన్నట్టు అనిపించింది మాకు. నిలబడ్డాక వంగలేదు. మా పక్కన మా ఇంటావిడ మడిచిన మోకాలు ఎప్పుడు నిటారు చేసిందో చూడలేదు గానీ, తిరిగి చూసేసరికి మేము కొంచెం తల పైకెత్తవలసి వచ్చింది.

ఆ అమ్మాయికి తినడానికేమైనా పెట్టమని ప్రభువు చెప్పినట్టు సువార్తలో ఉంది కదా. పిల్లలు దాన్ని మరిచిపోలేదు. యాయీరు భార్య రెండు అరటిపళ్ళు తెచ్చిచ్చింది. వేదిక మీదే నిలబడి, ఊరంతా చూస్తుండగా, పాప ఆ రెండూ తీరిగ్గా ఒలుచుకుని తినేసింది. తమ్ముడు కింద నుంచి ఒకటి అడిగాడు. ఇవ్వలేదు.